పాఠం 9 : ముక్కల్లో దొరికిన రాక్షసబల్లి

ఈ పాఠం పూర్తిచేశాక శిలాజం అంటే ఏమిటో, అది ఎలా ఏర్పడుతుందో మీ మాటల్లో చెప్పగలుగుతారు. కొన్ని ఎముకల ముక్కలను చూసి శాస్త్రవేత్తలు మొత్తం జంతువును ఎలా ఊహిస్తారో వివరించగలుగుతారు. ఆ ఊహలో ఎంతవరకు రుజువు ఉంది, ఎక్కడినుంచి అంచనా మొదలవుతుంది అనే తేడాను గుర్తించగలుగుతారు. ఈ మూడోది అన్నిటికంటే ముఖ్యం, కొంచెం కష్టం కూడా. అందుకే పాఠంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాం.

పెన్సిలు, నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని చదవండి. మధ్యలో ప్రశ్న వచ్చినచోట ఆగి, జవాబు రాసుకుని, ఆ తర్వాతే ముందుకు వెళ్ళండి.

9.1 రైలు కిటికీలోంచి

మీరు సూరత్‌లో ఉంటున్నవారైతే, లేదా మీ ఇంట్లో ఎవరైనా అక్కడి మరమగ్గాల మీద పనిచేస్తున్నవారైతే, నవజీవన్ ఎక్స్‌ప్రెస్ గురించి మీకు చెప్పనక్కరలేదు. లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన తెలంగాణ నేత కుటుంబాలవారు పండగకో పెళ్ళికో సొంత ఊరు రావాలంటే ఎక్కే బండ్లలో అదొకటి. సూరత్, భుసావల్, వార్ధా, మంచిర్యాల మీదుగా వరంగల్ చేరుతుంది.

ఈసారి ఆ దారిన వెళ్ళేటప్పుడు కిటికీ పక్కన కూర్చోండి. సూరత్ ఊరు తపతి నది తెచ్చిపోసిన ఒండ్రునేల మీద ఉంది. అక్కడ మీకు రాయి కనిపించదు. కాని బండి తూర్పుకు తిరిగి వ్యారా, సోన్‌గఢ్ దాటుతుండగా నల్లటి రాతిగుట్టలు మొదలవుతాయి. వాటి తలలు కత్తితో కోసినట్టు చదునుగా ఉంటాయి. పక్కలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. వార్ధా చేరేదాకా, ఎన్నో గంటలపాటు, మీరు ఆ నల్లరాతి మీదుగానే ప్రయాణం చేస్తారు.

ఆ రాయి ఒకప్పుడు భూమిలోంచి ఉబికివచ్చి పారిన లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట ఇక్కడి నేల పగుళ్ళలోంచి లావా పొంగింది. ఒకసారి కాదు, విడతలు విడతలుగా పొంగింది. ఒక పొర చల్లారి గట్టిపడ్డాక దానిమీద మరో పొర. అందుకే ఆ మెట్లు. ఈ రాతి ప్రాంతాన్ని దక్కన్ ట్రాప్స్ అంటారు. ట్రాప్ అన్నది మెట్టు అనే అర్థమున్న స్వీడన్ దేశపు మాటలోంచి వచ్చింది. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఈ రాయి పరుచుకుని ఉంది.

మన కథకు కావలసింది ఈ నల్లరాయి కాదు, దాని అడుగున ఉన్నది. లావా రాకముందు అక్కడ నదులు, చెరువులు, బురదమేటలు, ఇసుకతిన్నెలు ఉండేవి. వాటి మీద రాక్షసబల్లులు తిరిగేవి, గుడ్లు పెట్టేవి, చచ్చిపోయేవి. ఆ నేల అవశేషాలను లామెటా పొరలు అంటారు. జబల్‌పూర్ దగ్గర నర్మద ఒడ్డున ఉన్న లామెటా ఘాట్ నుంచి ఆ పేరు వచ్చింది. దుప్పటి కప్పినట్టు లావా ఈ పొరలను కప్పి కాపాడింది. లావా అరిగి తొలగినచోట అవి మళ్ళీ వెలుగు చూస్తున్నాయి.

9.2 ఎముక రాయి ఎలా అవుతుంది?

ఊరి పొలిమేరలో చచ్చిన గొడ్డు కళేబరం ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. కుక్కలు, గద్దలు, పురుగులు కలిసి కొద్దిరోజుల్లో మాంసం లేకుండా చేస్తాయి. ఎముకలు కొన్నాళ్ళు ఎండకు ఎండి, వానకు తడిసి, పెళుసెక్కి పొడి అయిపోతాయి. నూటికి తొంభైతొమ్మిది వంతులు జరిగేది ఇదే.

ఎప్పుడో ఒకసారి వేరేలా జరుగుతుంది. జంతువు నది ఒడ్డున పడిపోతుంది. వరద వచ్చి ఎముకలను బురదతో కప్పేస్తుంది. గాలి తగలదు కనుక అవి త్వరగా పాడవవు. నేలలో ఊరే నీటిలో సున్నం, సిలికా వంటి ఖనిజాలు కరిగి ఉంటాయి. ఆ నీరు ఎముకలోని సన్నటి రంధ్రాల్లోకి చేరి, ఖనిజాన్ని అక్కడే వదులుతుంది. వేల, లక్షల సంవత్సరాలకు ఎముక రూపం అలాగే ఉంటుంది, బరువు మాత్రం రాయిది అవుతుంది. అదే శిలాజం.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. బురద కప్పేలోపలే నక్కల వంటి జంతువులు ఒక కాలు లాక్కుపోవచ్చు. వరద పుర్రెను దొర్లించుకుపోవచ్చు. అంటే మొత్తం అస్థిపంజరం ఒక్కచోట దొరకడం చాలా అరుదు. పెద్ద మాంసాహార జంతువుల విషయంలో ఇంకా అరుదు. అడవిలో జింకలు వందల్లో ఉంటే పులులు ఎన్ని ఉంటాయి? శిలాజాల్లోనూ లెక్క అదే.

ఆగి ఆలోచించండి 1: ఒకేచోట ఇరవై ఎముకలు దొరికాయి. అవన్నీ ఒకే జంతువువి అని వెంటనే చెప్పవచ్చా? ఎందుకు?

9.3 బాలాసినోర్ గుండ్రాళ్ళు

సూరత్‌కు ఉత్తరాన వడోదర ఉంది. దానికి ఇంకా ఉత్తరాన మహీ నదికి దగ్గరలో బాలాసినోర్ అనే చిన్న పట్టణం ఉంది. పూర్వం అది ఒక సంస్థానం. దాని పక్కనే రహియోలీ గ్రామం. ఇది మొదట ఖేడా జిల్లాలో ఉండేది, 2013 నుంచి మహిసాగర్ జిల్లాలో ఉంది.

1981లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన ఇద్దరు భూగర్భ శాస్త్రజ్ఞులు ఖనిజాల సర్వే పనిమీద ఆ ప్రాంతానికి వెళ్ళారు. సిమెంటు కోసం సున్నపురాయి తవ్వే గనిలోని కూలీలు వాళ్ళకు కొన్ని గుండ్రటి రాళ్ళు చూపించారు. ఫిరంగి గుండ్లలా నున్నగా ఉన్న ఆ రాళ్ళు మామూలు రాళ్ళు కావు. అవి రాక్షసబల్లుల గుడ్లు. కోట్ల ఏళ్ళ నాటి ఆ గుడ్లను ముందుగా చేతిలోకి తీసుకున్నది, ఇవేవో తేడాగా ఉన్నాయే అని పక్కన పెట్టినది శాస్త్రవేత్తలు కాదు, గని కూలీలు. ఆ కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ కనిపించవు. వాళ్ళు వాటిని మిగతా రాయితోపాటు పంపేసి ఉంటే, అవి ఏ ఇంటి గోడలోనో సిమెంటుగా ఉండేవి.

గుడ్లు దొరికాక ఎముకల కోసం వెతికారు. 1982 నుంచి 1984 వరకు సర్వే సంస్థకు చెందిన సురేశ్ శ్రీవాస్తవ రహియోలీలో తవ్వకాలు జరిపారు. ఎన్నో ఎముకలు బయటపడ్డాయి. ఆయన వాటిని తీసి పెట్టెల్లో సర్దడమే కాక, ఏ ఎముక ఏ చోట, ఏ దిక్కుకు తిరిగి ఉందో వివరంగా పటం గీసి పెట్టారు. అప్పటికి ఆ పటం ఎందుకు పనికివస్తుందో ఎవరికీ తెలియదు. ఎముకలు పెట్టెల్లోకి వెళ్ళాయి. ఏళ్ళు గడిచాయి.

2001లో అమెరికాకు చెందిన పాల్ సెరెనో, జెఫ్రీ విల్సన్, పంజాబ్ విశ్వవిద్యాలయానికి చెందిన అశోక్ సాహ్నీ మొదలైనవారు ఆ ఎముకలను మళ్ళీ పరీక్షించడం మొదలుపెట్టారు. ఇక్కడే శ్రీవాస్తవ గీసిన పటం అక్కరకు వచ్చింది. తుంటి ఎముకలు, వెన్నుపూసలు, కాళ్ళ ఎముకలు నేలలో ఒకదాని పక్కన ఒకటి ఎలా పడి ఉన్నాయో పటంలో చూస్తే, ఇవన్నీ ఒకే జంతువువని తేలింది. పటం లేకపోతే అవి ఎవరివో తెలియని ఎముకల కుప్పగానే మిగిలేవి.

2003 ఆగస్టులో ఆ జంతువును ప్రపంచానికి ప్రకటించారు. పేరు రాజసారస్ నర్మదెన్సిస్. 'రాజ' మన మాటే. 'సారస్' అంటే గ్రీకులో బల్లి. 'నర్మదెన్సిస్' అంటే నర్మదా ప్రాంతానికి చెందినది. నిజానికి రహియోలీకి నర్మద కంటే మహీ నది దగ్గర. అయినా పేరు పెట్టేవారిదే పెత్తనం కదా!

9.4 దొరికినది ఎంత? ఊహించినది ఎంత?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రాజసారస్ బొమ్మలు మీరు చూసి ఉండవచ్చు. తలమీద చిన్న కొమ్ము, పెద్ద నోరు, కత్తుల్లాంటి పళ్ళు, రెండు బలమైన కాళ్ళు, పొట్టి చేతులు, పొడవైన తోక. ఈ బొమ్మలో ఏది రుజువు? ఏది అంచనా?

దొరికినవి ఇవి: పుర్రెలో మెదడును కప్పి ఉంచే భాగం, వెన్నెముకలోని కొన్ని పూసలు, తుంటి ఎముకలు, కాళ్ళ ఎముకలు, తోకలో కొంత భాగం. పుర్రె భాగం దొరకడం అదృష్టం. ముక్కు ఎముకలు, నుదుటి ఎముకలు కలిసేచోట ఒక గుండ్రటి మొద్దు కొమ్ము ఉన్నట్టు దానివల్లే తెలిసింది. కాబట్టి బొమ్మలోని కొమ్ము రుజువున్న విషయం. బలమైన కాళ్ళు కూడా రుజువున్నవే.

పొట్టి చేతులు? అవి బంధువులను చూసి గీసినవి. చర్మం రంగు? అది పూర్తిగా చిత్రకారుడి ఇష్టం. ఆ ఆకుపచ్చ, ఆ చారలు ఎవరూ చూసినవి కావు.

బంధువులు అన్నాం. ఎవరా బంధువులు? దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాలో కార్నోటారస్ అనే మాంసాహారి అస్థిపంజరం చాలావరకు పూర్తిగా దొరికింది. దానికి 1985లో పేరు పెట్టారు. మడగాస్కర్ దీవిలో మజుంగాసారస్ దొరికింది. వీటి పుర్రెలు, పూసలు, తుంటి ఎముకలు రాజసారస్ ఎముకలను చాలా పోలి ఉన్నాయి. ఈ కుటుంబాన్ని అబెలిసారిడ్‌లు అంటారు. సముద్రాలకు అవతల బంధువులు ఎలా ఉన్నారని అడుగుతారేమో. ఒకప్పుడు ఆ భూములన్నీ ఒకటిగా ఉండేవి. ఆ మహాఖండం పేరు గోండ్వానా. గోండుల దేశం మీదుగా ఆ పేరు వచ్చింది, అంటే మన ఆదిలాబాదు గోండుల పేరే. సుమారు 8 కోట్ల 80 లక్షల సంవత్సరాల కిందట మడగాస్కర్ నుంచి మన భూభాగం విడిపోయింది.

మీరు నేతపని తెలిసినవారైతే ఈ పద్ధతి మీకు కొత్త కాదు. ఒక చీర నుంచి చినిగిన జానెడు ముక్క మీ చేతికిస్తే, అంచు చూసి అది ఏ రకం చీరో చెప్పగలరు. కొంగు ఎలా ఉండవచ్చో కూడా చెప్పగలరు. ఎలా? అలాంటి పూర్తి చీరలు మీరు ఎన్నో చూశారు కనుక. ఎన్నడూ చూడని దేశపు గుడ్డ ముక్క ఇస్తే మీరూ తడబడతారు. శాస్త్రవేత్తకు కార్నోటారస్, మజుంగాసారస్ పూర్తి చీరలు. రాజసారస్ చేతిలోని ముక్క.

9.5 పొడవు లెక్క

చిన్న లెక్క చేద్దాం. ఇందులోని అంకెలు పద్ధతి నేర్పడానికి తీసుకున్నవే, నిజమైన కొలతలు కావు.

పూర్తిగా దొరికిన ఒక బంధువు తొడ ఎముక 90 సెంటీమీటర్లు, ముక్కు నుంచి తోక చివరిదాకా మొత్తం పొడవు 9 మీటర్లు అనుకుందాం. అంటే శరీరం తొడ ఎముకకు 10 రెట్లు. మన జంతువు తొడ ఎముక 75 సెంటీమీటర్లు ఉంటే, దాని పొడవు 75 × 10 = 750 సెంటీమీటర్లు, అంటే ఏడున్నర మీటర్లు.

ఇంకో బంధువును తీసుకుందాం. దాని శరీరం తొడ ఎముకకు 9 రెట్లే. అప్పుడు మన జంతువు 75 × 9 = 675 సెంటీమీటర్లు. ఎముక మారలేదు, దాని కొలత మారలేదు. పోల్చిన బంధువు మారేసరికి ముప్పావు మీటరు తేడా వచ్చింది.

సరిగ్గా ఇలాంటిదే రాజసారస్ విషయంలోనూ జరిగింది. 2003లో ప్రకటించినప్పుడు దాని పొడవు 30 అడుగుల దాకా ఉంటుందన్నారు. ఆ తర్వాత ఆ కుటుంబంలోని జంతువులన్నిటినీ కలిపి కొలతలు సరిచూసిన ఒక అధ్యయనం దాన్ని 6.6 మీటర్లకు, అంటే సుమారు 22 అడుగులకు తగ్గించింది. ఈ మార్పు చూసి శాస్త్రం మాట మారుస్తుందని కొందరు ఎగతాళి చేస్తారు. నాకు మాత్రం పాత అంకెనే పట్టుకు వేలాడేవారి కంటే, కొత్త కొలత దొరకగానే దిద్దుకునేవారి మీదే నమ్మకం ఎక్కువ. 22 అడుగుల మాంసాహారి ఏమంత చిన్న జంతువూ కాదు.

ఆగి ఆలోచించండి 2: తొడ ఎముక 80 సెంటీమీటర్లు. శరీరం దానికి 9 రెట్లు అయితే పొడవు ఎన్ని మీటర్లు? 10 రెట్లు అయితే ఎన్ని మీటర్లు?

9.6 తప్పులు, పోగొట్టుకున్న ఎముకలు

ముక్కలతో పని చేసేటప్పుడు తప్పులు జరుగుతాయి. మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. జబల్‌పూర్‌లోని బడా సిమ్లా గుట్టమీద సి. ఎ. మాట్లీ అనే శాస్త్రవేత్త తవ్వకాలు జరిపి, 1920లలో ఒక జంతువుకు లామెటాసారస్ అని పేరు పెట్టాడు. తుంటి, కాలు ఎముకలతోపాటు గట్టి పెంకుల్లాంటి బిళ్ళలు కూడా దొరికాయి. ఇది ఒంటినిండా కవచమున్న జంతువు అనుకున్నాడు. తర్వాతివారు చూస్తే, తుంటి, కాలు మాంసాహారివి, బిళ్ళలు వేరే జంతువువి. రెండు చీరల ముక్కలు కలిపి ఒకే చీర అనుకున్నట్టయింది. (మొదటి ప్రశ్నకు మీరేం జవాబు రాశారో ఒకసారి చూసుకోండి.)

అదే గుట్టమీద దొరికిన పుర్రె ముక్కలకు 1933లో మాట్లీ, జర్మనీకి చెందిన ఫాన్ హ్యూనే కలిసి ఇండోసుకస్, ఇండోసారస్ అని పేర్లు పెట్టారు. ఇండోసుకస్‌ను తర్వాత కొందరు అమెరికా టైరన్నోసారస్ కుటుంబంలో కూడా చేర్చారు. అర్జెంటీనాలో బంధువులు దొరికాకనే దాని అసలు ఇల్లు ఏదో తెలిసింది. అప్పటిదాకా ఆ గుడ్డ ముక్కను పోల్చడానికి సరైన చీర లేదు.

తప్పును దిద్దుకోవచ్చు, ఎముక ఉంటే. లామెటాసారస్‌కు పేరు పెట్టిన ఆ అసలు ఎముకలు ఇప్పుడు ఎక్కడున్నాయో తెలియదు. కొత్తగా ఎవరైనా సందేహం తీర్చుకోవాలంటే పాత బొమ్మలు, రాతలు తప్ప దారి లేదు.

దీనికి భిన్నమైన కథ కూడా ఒకటుంది. 1828లో స్లీమన్ అనే ఇంగ్లీషు సైనికాధికారికి జబల్‌పూర్‌లో కొన్ని శిలాజ ఎముకలు దొరికాయి. థగ్గులను అణచినవాడుగా చరిత్ర పాఠంలో మీరు చదివింది ఈయన గురించే. మన దేశంలో దొరికిన మొదటి రాక్షసబల్లి ఎముకలు అవి. 1877లో వాటికి టైటనోసారస్ ఇండికస్ అని పేరు పెట్టారు. ఇది శాకాహారి. తర్వాత ఆ ఎముకల జాడ పోయింది. 2012లో కలకత్తాలోని జియలాజికల్ సర్వే భాండాగారంలో వెతుకుతుండగా వాటిలో ఒక తోక పూస మళ్ళీ దొరికింది. ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎక్కడికీ పోలేదు. పెట్టెల మధ్య ఉండిపోయింది, అంతే.

రహియోలీలోనూ తవ్వకాలు ఒక్కసారితో ఆగలేదు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు 1990లలో అక్కడ మరో మాంసాహారి ఎముకలు తవ్వారు. వాటిలో కుడి మోకాలి కింది ఎముకలను లెక్కపెడితే ఏడు తేలాయి. ఒక జంతువుకు కుడికాలు ఒకటే కదా! కాబట్టి కనీసం ఏడు జంతువులు అక్కడ చనిపోయాయని తేల్చారు. దీనికి 2010లో రహియోలిసారస్ అని పేరు పెట్టారు. రాజసారస్ కంటే దీని కాళ్ళు సన్ననివి.

9.7 మన దగ్గర

రైలు ప్రయాణం మంచిర్యాల దగ్గర వదిలేశాం. అక్కడినుంచి ప్రాణహిత వైపు వెళితే పాత ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి వస్తుంది. అక్కడి రాళ్ళు లామెటా పొరల కంటే ఎంతో పాతవి. 16 కోట్ల సంవత్సరాలు పైబడినవి. అక్కడ జియలాజికల్ సర్వే వారు తవ్విన పొడవు మెడ శాకాహారికి 1988లో పి. యాదగిరి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు.

అదే కోట రాతిపొరల్లో ఒక పెద్ద మాంసాహారి కూడా ఉండేదనడానికి ఆధారం ఉంది. ఆ ఆధారం తుంటిలోని ఒక ఎముక ముక్క. 1982లో యాదగిరి దానికి దండకోసారస్ అని పేరు పెట్టారు. పేరు వింటే మనకు దండకారణ్యం గుర్తుకొస్తుంది. అయితే ఆ ఒక్క ముక్కతో ఇది ఫలానా జాతే అని మిగతా మాంసాహారుల నుంచి వేరుచేసి చెప్పడం కుదరదని ఇప్పటి శాస్త్రవేత్తలు అంటారు. అక్కడ మాంసాహారి ఉందన్నది రుజువు, అది ఎలా ఉండేదన్నది మనకు అందలేదు. ఆ పొరల్లో ఇంకో ముక్క దొరికేదాకా బొమ్మ గీయకపోవడమే మర్యాద.

ఆ ముక్క ఎవరికి దొరుకుతుందో చెప్పలేం. బాలాసినోర్‌లో గని కూలీలకు దొరికింది. 2023 డిసెంబరులో మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లా గురించి పత్రికల్లో ఒక వార్త వచ్చింది. తాతలనాటి నుంచి పొలానికి, పశువులకు రక్షగా పూజించుకుంటున్న గుండ్రాళ్ళు రాక్షసబల్లి గుడ్లని తేలిందట. దాచిపెట్టింది భక్తే అయినా, గుడ్లు మాత్రం మిగిలాయి.

బావి తవ్వుతుంటేనో, గనిలోనో, వాగు గట్టునో మీకు ఎముక ఆకారంలో ఉన్న బరువైన రాయి కనిపిస్తే దాన్ని పెకిలించకండి. ఉన్నచోటనే ఫోటో తీయండి. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి తీస్తే పరిమాణం తెలుస్తుంది. ఊరు, చేను గుర్తులు, ఎంత లోతులో ఉందో కాగితం మీద రాసుకోండి. హైదరాబాదులో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం ఉంది, సూరత్‌లో ఉన్నవారికి గుజరాత్ కార్యాలయం గాంధీనగర్‌లో ఉంది. వారికి తెలియజేయండి. ఎముకను తీసుకువచ్చి ఇంట్లో పెట్టుకుంటే అది ఎక్కడిదన్న సమాచారం పోతుంది. శ్రీవాస్తవ పటం సంగతి గుర్తుంది కదా.

అభ్యాసం

1. రాజసారస్ బొమ్మలో మీకు కనిపించే ఐదు లక్షణాలు రాయండి. ప్రతిదాని ఎదురుగా 'రుజువు ఉంది' లేదా 'అంచనా' అని గుర్తించండి.

2. శ్రీవాస్తవ ఎముకలను మాత్రం భద్రపరచి, పటం గీయకపోయి ఉంటే ఏమయ్యేది? ఐదారు వాక్యాల్లో రాయండి.

3. ఒకచోట ఎడమ తొడ ఎముకలు 3, కుడి తొడ ఎముకలు 5 దొరికాయి. అన్నీ ఒకే జాతివి. కనీసం ఎన్ని జంతువులు? ఎనిమిది అని ఎందుకు చెప్పకూడదు?

4. మీ ఇంట్లో పాత చీర లేదా ధోవతి ముక్క ఒకటి తీసుకోండి. దాన్ని ఎన్నడూ చూడనివారికి ఇచ్చి, పూర్తి బట్ట ఎలా ఉండేదో చెప్పమనండి. వారు చెప్పినవాటిలో ముక్కలో కనిపించేవి ఎన్నో, ఊహించినవి ఎన్నో వేరువేరుగా రాయండి.

జవాబులు

ఆగి ఆలోచించండి 1: చెప్పలేం. వరద వేరువేరు జంతువుల ఎముకలను ఒకేచోటికి చేర్చవచ్చు. ఆగి ఆలోచించండి 2: 7.2 మీటర్లు, 8 మీటర్లు. అభ్యాసం 3: కనీసం 5. ఎడమ ఎముకలు మూడూ ఆ ఐదింటిలో మూడు జంతువులవే కావచ్చు.